ఊరి నుంచి వచ్చే ట్యూబు, ముఖం మీద మంగు

ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 గంటల నుంచి మధ్యాహ్నం 3.30 వరకు ఆరుబయట పని చేయించకూడదు. 2021లో వచ్చిన ఈ నిబంధన వడదెబ్బ నుంచి మనవాళ్ళను కొంత కాపాడుతోంది. చర్మం సంగతి మాత్రం వేరు. ఇక్కడ ఉదయం 8 గంటల ఎండ కూడా తక్కువేమీ కాదు. వెల్డింగ్ పని చేసేవారికి నీడలో ఉన్నా అతినీలలోహిత కిరణాలు తప్పవు. ఆడవారికి గర్భం, గర్భనిరోధక మాత్రలు, వంశపారంపర్యం తోడవుతాయి. అందుకే బుగ్గల మీద, నుదుటి మీద మంగు మచ్చలు మన మధ్య ఇంత మామూలు.

మంగు వల్ల ప్రాణానికి వచ్చే ముప్పేమీ లేదు. మనల్ని కంగారు పెట్టవలసింది దానికి మనం చేసుకుంటున్న సొంత వైద్యం. సెలవు మీద వెళ్ళి వచ్చేవారి పెట్టెలో పచ్చళ్ళు, కారప్పొడులతో పాటు నాలుగైదు ట్యూబులు కూడా వస్తాయి. ఒకరికి పని చేసిందంటే గదిలో ఉన్న అందరూ రాసుకుంటారు. ఆ ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అన్న పేర్లలో ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే అది స్టెరాయిడ్. కొద్ది రోజుల్లోనే రంగు తేలుతుంది కాబట్టి నమ్మకం కుదురుతుంది. నెలలు గడిచేసరికి చర్మం పలచబడి, సన్నటి రక్తనాళాలు పైకి కనిపిస్తాయి, మొటిమలు వస్తాయి. మానేస్తే ముఖం ఎర్రబడి మండుతుంది. ఆ మంట భరించలేక మళ్ళీ రాస్తారు. ఇలా పాడైన ముఖాలను ఎందరినో చూసిన మన దేశపు చర్మవైద్యులు ఈ స్థితికి ‘టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్’ అని ఒక పేరే పెట్టారు.

భారత ప్రభుత్వం 2018 మార్చిలో 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని కట్టడి చేసింది. మన ఊళ్ళో మెడికల్ షాపులో చీటీ అడిగేవారు ఎందరో మీకు తెలియనిది కాదు.

స్టెరాయిడ్ లేదని సంతోషించడానికీ లేదు. కేరళలోని కొట్టక్కల్‌లో 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు దాకా 22 మందిలో మెంబ్రేనస్ నెఫ్రోపతీ అనే కిడ్నీ జబ్బు బయటపడింది. వారిలో 15 మందిది ఒక ప్రత్యేక రకం. ఆ 15 మందిలో 13 మంది జబ్బు మొదలవక ముందు తెల్లబరిచే క్రీములు వాడినవారే. అనుమానం పాదరసం మీద. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీని పాదరసం అడ్డుకుంటుంది, అదే చర్మం గుండా లోపలికి ఇంకి కిడ్నీలను దెబ్బతీస్తుంది. మినమాటా ఒప్పందంలోని దేశాలు 2023లో జెనీవాలో సమావేశమై, పాదరసం కలిపిన సౌందర్య సాధనాల తయారీ, ఎగుమతి, దిగుమతులకు 2025ను ఆఖరు గడువుగా పెట్టాయి. అయినా ఏమేం కలిపారో రాయని డబ్బా చేతికొస్తే దూరంగా పెట్టడమే క్షేమం.

మరి సరైన వైద్యం ఏమిటి? ఎండ నుంచి రక్షణ లేకుండా ఏ మందూ నిలవదు. కంటికి కనిపించే వెలుతురు కూడా మంగును పెంచుతుంది కనుక ఐరన్ ఆక్సైడ్ కలిసిన, లేత రంగున్న సన్‌స్క్రీన్ మేలు. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, తేలికపాటి స్టెరాయిడ్ కలిపిన మందుకు అమెరికా 2002లో అనుమతి ఇచ్చింది, అదీ 8 వారాల వాడకానికే. మనవాళ్ళు ఇటువంటి మందునే ఏళ్ళ తరబడి రాస్తున్నారు! హైడ్రోక్వినోన్ అతిగా వాడితే మచ్చ నీలినలుపుకి తిరగవచ్చు. గర్భిణులకు ఇది వద్దు, వారికి డాక్టర్లు సాధారణంగా అజెలాయిక్ ఆసిడ్ ఇస్తారు. ట్రానెగ్జామిక్ ఆసిడ్ మాత్రలు కొందరికి బాగా పని చేస్తాయి, కానీ రక్తం గడ్డకట్టే స్వభావం ఉన్నవారు వాడకూడదు. ఇక లేజరు సంగతి. ప్రకటనలు ఎంత ఊరించినా మన చామనఛాయకు అది మొదటి వైద్యం కాదు. మచ్చ తిరిగి రావచ్చు, ఒక్కోసారి ఇంకా నల్లబడుతుంది.

అన్ని నల్ల మచ్చలూ మంగు కావు. జుట్టుకు వేసే రంగు పడక నుదురు నల్లబడేవారున్నారు. మెడ వెనుక, చంకల్లో మఖమలులా మందంగా నలుపు వచ్చిందంటే చాలాసార్లు ఇన్సులిన్ సరిగా పని చేయడం లేదని అర్థం. దాన్ని మురికనుకుని పీచుతో రుద్దేవారే ఎక్కువ. అక్కడ కావలసింది క్రీము కాదు, షుగర్ పరీక్ష. మన సంఘాలు పెట్టే వైద్య శిబిరాల్లో బీపీ చూసేటప్పుడు మెడ కూడా ఒకసారి చూస్తే ఖర్చేమీ ఉండదు కదా!

హెల్త్ కార్డు ఉన్నవారు ముందు తమ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళితే అవసరాన్ని బట్టి హమద్ ఆసుపత్రి చర్మవిభాగానికి పంపుతారు. కార్మిక సోదరులకు రెడ్ క్రెసెంట్ నడిపే ఆరోగ్య కేంద్రాలు ఉన్నాయి. వెళ్ళేటప్పుడు ఇంతకాలం రాసిన ట్యూబు, సగం అయిపోయినదైనా సరే, జేబులో పెట్టుకుని వెళ్ళండి. ఎన్ని నెలలు రాశారో దాచకుండా చెప్పండి.