కూర్చోనివ్వని దుకాణాలు

పని ఒత్తిడి, ఉద్యోగ తృప్తి అనే మాటలు వినగానే కంప్యూటర్ ముందు తల పట్టుకుని కూర్చున్న యువకుడు గుర్తుకొస్తాడు. అతని బాధను మేము తక్కువ చేయడం లేదు. కానీ అతనికి కనీసం కుర్చీ ఉంది. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు రాత్రి దించేదాకా నిలబడే ఉండేవారి సంగతేమిటి? వారిలో మన ఇళ్ల పిల్లలే ఎందరో ఉన్నారు. వారిని పనిలో పెట్టుకున్నవారిలోనూ మనవాళ్లు తక్కువేమీ కాదు.

హైదరాబాద్‌లో పత్తర్‌గట్టి, మదీనా బిల్డింగ్, లాడ్ బజార్ ప్రాంతాల్లో బట్టలు, గాజుల దుకాణాలు చూడండి. థాను దించాలి, విప్పాలి, భుజాన వేసి చూపాలి, మళ్లీ మడవాలి. ఇరవై రకాలు విప్పించి "ఫిర్ ఆతే హై" అంటూ లేచి వెళ్లే వారికి కూడా నవ్వుతూనే సలాం చెప్పాలి. గిరాకీ లేని వేళ కూడా కూర్చోకూడదు. కూర్చుంటే పని దొంగ అనే పేరు. గంటల తరబడి నిలబడితే రక్తం కాళ్లలోనే నిలిచిపోతుంది. సాయంత్రానికి పాదాలు వాస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ పిక్కల్లో నరాలు ఉబ్బి మెలికలు తిరుగుతాయి. నడుము నొప్పి సరేసరి. ఇక ఆడపిల్లలైతే, దుకాణంలో మరుగుదొడ్డి లేక మంచినీళ్లు తాగడమే మానుకుంటారు. దాంతో మూత్ర సంబంధమైన వ్యాధులు వస్తాయి. సిగ్గుతో ఎవరికీ చెప్పుకోరు.

ఇది వ్యాపారంలో ఉన్నదే కదా, మా తాతల నాటి నుంచీ ఇంతే కదా అని కొందరు దుకాణదారులు అంటారు. కాదు. తాతల నాటి బట్టల దుకాణంలో తెల్లని దుప్పటి పరచిన గద్దె ఉండేది. సేఠ్ దిండుకు ఆనుకుని కూర్చునేవాడు, గుమాస్తా కూర్చునేవాడు, కొనేవారూ చెప్పులు విడిచి అదే గద్దె మీద కూర్చునేవారు. బేరం అంతా కూర్చునే సాగేది. అద్దాల కౌంటర్లు వచ్చాక గద్దె పోయింది. కొనేవారికి కుర్చీ వచ్చింది, గల్లాపెట్టె దగ్గర సేఠ్‌కు మెత్తని కుర్చీ వచ్చింది. గుమాస్తా ఒక్కడే నిలబడిపోయాడు.

దీన్ని ప్రశ్నించి గెలిచినవారు మన పొరుగునే ఉన్నారు. కేరళలోని కోజికోడ్‌లో మిఠాయి తెరువు అనే బజారు ఉంది. అక్కడ దర్జీ పని చేసే విజి అనే మహిళ, దుకాణాల్లో పనిచేసే స్త్రీలను "పెన్‌కూట్టు" అనే సంఘంగా కూడగట్టారు. మొదట వారు అడిగింది మరుగుదొడ్డి. తర్వాత కూర్చునే హక్కు. 2014 చివర త్రిస్సూర్‌లో ఒక పెద్ద చీరల దుకాణం ముందు ఆడవాళ్లు నెలల తరబడి సమ్మె చేశారు. చివరికి 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి, పనివారికి కూర్చునే ఏర్పాటు తప్పనిసరి చేసింది. 2021లో తమిళనాడు అదే బాట పట్టింది. విచిత్రమేమంటే, నిలబడి పనిచేసే కార్మికులకు కూర్చునే వీలు కల్పించాలని మన దేశపు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. దుకాణాల దాకా ఆ మాట రావడానికి డెబ్బై ఏళ్లు పట్టింది.

ఇక మన సంగతి. మనం చట్టం కోసం ఎదురుచూడవలసిన అవసరం ఉందా? హజ్రత్ అబూజర్ (రజి) రబజాలో ఉండగా ఆయనను చూసిన ఒక తాబయీ ఆశ్చర్యపోయాడు. ఆయన ఒంటి మీద ఎలాంటి దుస్తులున్నాయో, ఆయన సేవకుని ఒంటి మీదా అలాంటివే ఉన్నాయి. కారణం అడిగితే ఆయన తాను ఒకసారి ఒకరిని తల్లి పేరెత్తి తూలనాడిన సంగతి, దానికి దైవప్రవక్త (స) తనను మందలించిన సంగతి చెప్పారు. సేవకులు మీ సోదరులు, మీరు తినేదే వారికి పెట్టండి, మీరు తొడిగేదే తొడిగించండి, శక్తికి మించిన పని చెప్పకండి, చెబితే మీరూ ఒక చేయి వేయండి అన్నది ఆ మందలింపు సారాంశం. సహీహ్ బుఖారీలో ఉన్న విషయమే ఇది. రమజాన్‌లో సేవకుని భారం తగ్గించాలనే రివాయతు కూడా ఖుత్బాలలో వింటుంటాం. దాని సనదు బలహీనమని ముహద్దిసులు అంటారు. అయితే అబూజర్ (రజి) హదీసు ఉండగా వేరే ఆధారం వెతకనక్కర లేదు.

రమజాన్ ప్రస్తావన ఎందుకంటే, అన్ని నెలల కంటే ఈ నెలలోనే మన గుమాస్తాలు ఎక్కువ నలిగిపోతారు. ఉపవాసంతో పగలంతా నిలబడతారు. రెండు ఖర్జూరాలతో కౌంటర్ వెనకే ఇఫ్తార్ ముగిస్తారు. తరావీహ్ ముగించుకుని జనం బజారుకు వచ్చే వేళకు వారి అసలు పని మొదలవుతుంది. వారికి తరావీహ్ ఎక్కడిది? 2025 రమజాన్‌లో రాత్రంతా దుకాణాలు తెరిచి ఉంచేందుకు తెలంగాణ ప్రభుత్వం అనుమతి ఇస్తూ, అదనపు గంటలకు రెట్టింపు వేతనం ఇవ్వాలని షరతు పెట్టింది. అనుమతి సంగతి బజారంతా తెలుసు. షరతు సంగతి ఎంతమంది గుమాస్తాలకు తెలుసో సేఠ్‌లే చెప్పాలి. జకాత్ లెక్కను పైసాతో సహా సరిచూసుకునే వ్యాపారి, ఈ లెక్క దగ్గర "ఈద్ ఇనామ్" అంటూ ఒక కవరు చేతిలో పెడితే సరిపోతుందా? ఇనామ్ వేరు, హక్కు వేరు.

చిన్న దుకాణదారుల ఇబ్బంది మాకు తెలియనిది కాదు. కిరాయి పెరిగింది, ఫోనులో బట్టలు కొనేవారు పెరిగారు, లాభం సన్నగిల్లింది. కానీ ఒక స్టూలు ధర ఎంత? మగ్రిబ్ వేళ వంతుల వారీగా అరగంట వదిలితే పోయే గిరాకీ ఎంత? పేరు పెట్టి పిలవడానికి అసలు ఖర్చే లేదు. పదేళ్లు సేవ చేసిన హజ్రత్ అనస్ (రజి)ని దైవప్రవక్త (స) ఒక్కనాడూ విసుక్కోలేదు, "యా బునయ్య", అంటే చిట్టి నాయనా అని పిలిచారు. మన బజారులో నలభై ఏళ్లవాడిని కూడా "అరే ఛోక్రే" అంటారు.

కొనేవారికీ ఇందులో పాత్ర ఉంది. షాబాన్‌లోనే బట్టలు తీసుకునే వీలున్న కుటుంబాలు అలా చేస్తే చివరి పది రాత్రుల బరువు కొంత తగ్గుతుంది. మస్జిదుల ఇమాములు షాబాన్ చివరి జుమాలో దుకాణదారులను ఉద్దేశించి ఈ విషయం మాట్లాడవచ్చు. చాంద్ రాత్ నాడు షట్టరు దించేసరికి చాలాచోట్ల ఫజర్ అజాన్ వినిపిస్తుంది. రెట్టింపు వేతనం లెక్క అంతకు రెండు మూడు రోజుల ముందే తేల్చి చేతిలో పెడితే, ఆ గుమాస్తా తన పిల్లలకు బట్టలు కొనడానికి వెళ్లేసరికి ఏదో ఒక దుకాణం తెరిచి ఉంటుంది.