మన డాబా, మన గొడుగు... తాళం ఢిల్లీది

తెనాలి నుంచి నరసరావుపేట దాకా, అక్కణ్నుంచి ఒంగోలు దాకా ఏ ఊళ్లో డాబా ఎక్కినా నీళ్ల ట్యాంకు పక్కన చిన్న గొడుగు ఒకటి ఆకాశం కేసి తిరిగి ఉంటుంది. ఉపగ్రహం పంపేదంతా ఆ గొడుగు మీద పడుతుంది. కింద గదిలోని బాక్సు మాత్రం అందులో కొన్నింటినే విప్పి చూపిస్తుంది. ఏది విప్పాలో ఆ ఇంటివాళ్లు తేల్చరు, కేబుల్ ఆపరేటరూ తేల్చడు. కేంద్ర సమాచార, ప్రసార శాఖ దగ్గర నమోదైన ఛానలైతేనే దారి. కానిది ఎంత మంచిదైనా గడప దాటదు.

ఈ ఏర్పాటు మారాలి. విదేశీ ఛానళ్ల మీద అదుపే అక్కర్లేదని కాదు. ఆ అదుపు పంపేవాడి మీద, పంచిపెట్టి సొమ్ము చేసుకునేవాడి మీద ఉండాలి. తన డాబా మీద తన డబ్బుతో గొడుగు పెట్టుకుని చూసేవాడి మీద కాదు. 1995 నాటి కేబుల్ చట్టాన్ని తీసేసి కొత్త ప్రసార చట్టం తెస్తామని కేంద్రం 2023 నవంబరులో ముసాయిదా విడుదల చేసింది. విమర్శలు వచ్చాక 2024 ఆగస్టులో సవరించిన ముసాయిదాను వెనక్కి తీసుకుంది. మళ్లీ రాయడానికి కూర్చున్నప్పుడు, సిగ్నల్ అందుకునే హక్కు అందులో ఒక సెక్షనుగా ఉండి తీరాలి.

విదేశీ ఉపగ్రహం అనగానే ఉలిక్కిపడేవారు ఒక సంగతి గుర్తు తెచ్చుకోవాలి. తెలుగు పల్లెకు ఆకాశం నుంచి దిగిన తొలి టీవీ బొమ్మ అమెరికా ఉపగ్రహం నుంచే దిగింది. నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు వాడుకునేందుకు ఒప్పందం చేసుకుని, 1975 ఆగస్టు 1న ఇస్రో ‘సైట్’ ప్రయోగం మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు కోళ్ల గూటి వలలాంటి జాలీతో చేసిన పది అడుగుల గొడుగులు వచ్చాయి. సేద్యం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ గురించి తెలుగులోనే చెప్పారు. ఆ రోజుల్లోనే కొలంబోలో స్థిరపడిన రచయిత ఆర్థర్ సి. క్లార్క్ ఇంటికి మన ఇస్రో ఇంజనీర్లు వెళ్లి గొడుగు బిగించి వచ్చారు. శ్రీలంకలో అప్పటికి టీవీ ప్రసారాలే లేవు. పరాయి గడ్డ మీద ఒక మనిషి మన బొమ్మ చూస్తుంటే మురిసిపోయిన దేశం, మన మనిషి పరాయి బొమ్మ చూస్తానంటే అనుమానించడం ఏం న్యాయం?

రెండో అల 1991లో వచ్చింది. జనవరిలో గల్ఫ్ యుద్ధాన్ని సీఎన్‌ఎన్ పెద్ద హోటళ్ల టీవీల్లో ప్రత్యక్షంగా చూపించింది. అదే ఏడాది హాంగ్‌కాంగ్ నుంచి స్టార్ టీవీ, ఆసియాశాట్-1 ఉపగ్రహం మీదుగా మన మీద వాలింది. పట్నాల్లో మేడల మీద పెద్ద పెద్ద గొడుగులు లేచాయి. కరెంటు స్తంభం నుంచి స్తంభానికి, చెట్టు నుంచి కిటికీకి నల్ల తీగలు పాకాయి. ‘శాంటా బార్బారా’ లాంటి అమెరికా సీరియళ్లు చూసి మన పిల్లలు పాడైపోతారని, సంస్కృతి మట్టిలో కలుస్తుందని పెద్దలు గగ్గోలు పెట్టారు.

జరిగింది వేరు. నాలుగేళ్లు తిరక్కుండానే, 1995లో, జెమిని టీవీ, ఈటీవీ వచ్చాయి. జనం అమెరికా సీరియళ్లను వదిలేసి తెలుగు సీరియళ్ల ముందు కూర్చున్నారు. ఇందులో ఒక తమాషా ఉంది. ఆ రోజుల్లో మన గడ్డ మీది నుంచి ఉపగ్రహానికి సిగ్నల్ పంపే స్వేచ్ఛ ప్రైవేటు ఛానళ్లకు లేదు. కార్యక్రమాల టేపులు విమానమెక్కి పరాయి దేశం వెళ్లేవి, అక్కడ ఉపగ్రహమెక్కి మళ్లీ మన ఇళ్ల మీద దిగేవి. అంటే రూలు పుస్తకం లెక్కలో ప్రైవేటు తెలుగు టీవీ కూడా పుట్టుకతో విదేశీ ప్రసారమే. పరాయి ఆకాశం నుంచి వచ్చేదాన్ని ఆనాడే పూర్తిగా అడ్డుకుని ఉంటే, ఈనాడు తెలుగులో ఇన్ని ఛానళ్లు ఉండేవి కావు.

అదే 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఈ విషయంలో దారి చూపింది. హీరో కప్ క్రికెట్ ప్రసారాల వివాదంలో తీర్పు చెబుతూ, గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. ఆ ధర్మాసనంలో ఉన్న తెలుగు న్యాయమూర్తి జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి విడిగా రాసిన తీర్పులో, ప్రసారాల మీద గుత్తాధిపత్యం ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా భావ ప్రకటన స్వేచ్ఛకు చేటేనన్నారు. ఆస్తి ప్రజలదైనప్పుడు, దాన్ని కాపాడే బాధ్యత మాత్రమే ప్రభుత్వానిది. కావలి కాయమని పెట్టిన మనిషి తోటకు యజమాని కాడు.

ఢిల్లీ ఆ తీర్పులోని మాటల్ని తలకెక్కించుకోలేదు. ఇంటింటికీ నేరుగా చిన్న గొడుగుతో ప్రసారాలు అందించేందుకు ఒక విదేశీ సంస్థ సిద్ధపడగానే, 1997 జులైలో, 4,800 మెగాహెర్ట్జ్ పైనున్న ఆ సిగ్నళ్లను పట్టే పరికరాల మీదే నిషేధం పెట్టింది. డీటీహెచ్‌కు అనుమతి 2000 నవంబరులో గానీ రాలేదు. ఈనాడు అదే చిన్న గొడుగుతో ప్రభుత్వమే డీడీ ఫ్రీ డిష్ నడుపుతోంది. నెల నెలా కట్టే పని లేని ఆ సేవతో నిరుపేద ఇంట్లోనూ టీవీ వెలుగుతోంది. నిన్నటి నేరం నేడు ప్రభుత్వ పథకమైంది. మరి ఆ మూడేళ్ల నిషేధం ఎవర్ని ఏ ముప్పు నుంచి కాపాడినట్టు?

2005 నవంబరులో వచ్చిన డౌన్‌లింకింగ్ విధానం పాత అనుమానానికి కొత్త రూపం. విదేశీ ఛానల్ ఇక్కడ కనిపించాలంటే మన దేశంలో కంపెనీ ఉండాలి, ఆస్తి విలువ చూపించాలి, ఏటా లక్షల్లో రుసుము కట్టాలి. నమోదు కాని ఛానల్‌ను మోయకూడదని కేబుల్ నిబంధనలు ఆపరేటర్లకు ఆంక్ష పెట్టాయి. వ్యాపారానికి వచ్చే పెద్ద సంస్థలకు ఈ షరతులు సబబే. కానీ ఏ చిన్న దేశపు విద్యా ఛానలో, ఏ విశ్వవిద్యాలయం నడిపే ఛానలో లాభాపేక్ష లేకుండా ఆకాశంలో ఉచితంగా తిరుగుతుంటే, దానికీ అదే గేటు, అదే రుసుము ఎందుకు?

దేశ భద్రత మాటేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ద్వేషం నూరిపోసే ఛానళ్లున్నాయి, వాటిని ఆపాల్సిందే. అందుకు కేబుల్ చట్టంలో 20వ సెక్షన్ ఉంది. దేశ పటాన్ని తప్పుగా చూపించిందని 2015 ఏప్రిల్‌లో అల్ జజీరాను అయిదు రోజులు ఆపారు. అంతకుముందు 2007లో ఏఎక్స్‌ఎన్‌ను, ఫ్యాషన్ టీవీని రెండేసి నెలలు ఆపాలని ఆదేశించారు. ఆ శిక్షలు సరైనవా కావా అన్నది వేరే చర్చ. తప్పు చేసిన ఛానల్‌ను పేరు పెట్టి, కారణం చెప్పి, గడువు పెట్టి ఆపే అధికారం ప్రభుత్వానికి ఇప్పటికే ఉందన్నది ఇక్కడి విషయం. అది చేతిలో ఉండగా తప్పు చేయనివాటికీ ముందే తలుపు మూయడం, ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే.

పరాయి ఛానల్ గురించి ఇంత జాగ్రత్తపడే వ్యవస్థ, ఇంట్లో జరిగేదాని మీద మాత్రం కళ్లు మూసుకుంటోంది. 2014 జూన్‌లో తెలంగాణలో కేబుల్ సంస్థలు టీవీ9ను, ఏబీఎన్ ఆంధ్రజ్యోతిని ఆపేశాయి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో టీవీ5, ఏబీఎన్‌ల వంతు వచ్చింది, పంచాయితీ టెలికాం వివాదాల ట్రైబ్యునల్ టీడీశాట్ దాకా వెళ్లింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారగానే సాక్షి, టీవీ9, ఎన్టీవీ, 10టీవీల వంతు. టీవీ9ను తిరిగి చూపించండని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఇవేవీ విదేశీ ఛానళ్లు కావు. ఢిల్లీలో నమోదై, రుసుము కట్టి, చట్టమంతా పాటించిన తెలుగు ఛానళ్లు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఒక్క తీగ మీద, ఒక్క బాక్సు మీద ఆధారపడిన ప్రేక్షకుడికి ఎదురయ్యే అసలు ముప్పు ఇదే. సొంత గొడుగుతో నచ్చింది పట్టుకునే వీలుంటే, ఏ పార్టీ వచ్చినా, ఏ ఆపరేటర్ భయపడినా బొమ్మ ఆగదు.

అమరావతికి ఈ విషయంలో ప్రత్యేకంగా ఒక బాధ్యత ఉంది. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ఏపీ ఫైబర్‌నెట్ ఇక్కడే ప్రారంభమైంది. నెలకు రూ.149కే ఇంటర్నెట్, టీవీ, ఫోను అన్నారు. కరెంటు స్తంభాల మీదుగా ఆప్టికల్ తీగ పల్లెలకు పాకింది. ప్రభుత్వమే కేబుల్ ఆపరేటరైన చోట, ఏ ఛానల్ కనిపించాలన్నది అధికారపక్షం మనసును బట్టి ఉండకూడదు. ఫైబర్‌నెట్ ఏ ఛానల్‌నైనా ఆపితే, ఆపిన రోజే కారణంతో సహా లిఖితపూర్వకంగా ప్రకటించాలి.

ఇంటర్నెట్ వచ్చాక గొడుగెందుకని కొందరంటారు. 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆగిపోయింది. అప్పుడు ఫోన్లలో వార్తలు రాలేదు గానీ గొడుగుల మీద సిగ్నల్ పడుతూనే ఉంది. పైగా యూట్యూబ్‌లో విదేశీ ఛానల్ చూడొచ్చు, అదే ఛానల్‌ను గొడుగుతో చూడకూడదంటే ఆ నిషేధానికి అర్థమేముంది? డేటా ప్యాక్ కొనుక్కోగలిగినవాడికి ప్రపంచం, లేనివాడికి ఢిల్లీ జాబితానా?

మన ప్రాంతంలో రైతుకు ప్రపంచం దూరమేమీ కాదు. గుంటూరు యార్డులో తేజా మిరప ధర చైనా కొనుగోళ్లను బట్టి ఊగుతుంది. పత్తి ధరకు న్యూయార్క్ మార్కెట్ వైపు చూడాలి. 2025 ఆరంభంలో మిర్చి ధర కూలిపోయి, కేంద్రం క్వింటాలుకు రూ.11,781 లెక్కన ఆదుకుంటామనే దాకా వచ్చింది. మన సరుకు ఎల్లలు దాటి పోతున్నప్పుడు, కొనే దేశపు కబురు ఇక్కడికి రావడానికి అడ్డేమిటి?

ఇతర దేశాలు ఈ చిక్కును ఎప్పుడో విప్పాయి. స్విట్జర్లాండ్‌లో ఒక కంపెనీ తన గొడుగుతో సోవియట్ ఉపగ్రహ ప్రసారాలు పట్టబోతే, సోవియట్ అనుమతి తెమ్మని అక్కడి అధికారులు అడ్డుపడ్డారు. 1990 మేలో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు అది తప్పంది. స్వీడన్‌లో ఇరాకీ మూలాలున్న దంపతులు అరబిక్, ఫార్సీ ఛానళ్ల కోసం పెట్టుకున్న గొడుగు తీయనందుకు అద్దె ఇల్లు పోగొట్టుకుంటే, 2008లో అదే కోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. అమెరికాలో మీటరు వరకూ ఉండే గొడుగును సొంత ఇంటి మీద పెట్టుకుంటే కాలనీ సంఘాలు అడ్డుచెప్పకూడదని 1996లోనే నిబంధన వచ్చింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల నుంచి వెళ్లి డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో స్థిరపడినవాళ్ల ఇళ్లకు తెలుగు ఛానళ్లు ఈ వెసులుబాటుతోనే చేరాయి. మన పిల్లలు అక్కడ తెలుగు వార్తలు చూడడాన్ని వాళ్ల హక్కుగా ఎంచే మనం, ఇక్కడ ఉన్నవాళ్లకు ఆ హక్కు ఎందుకు అడగం?

అడగాల్సినవి నాలుగు. మొదటిది, సొంత వాడకం కోసం ఉచిత ఉపగ్రహ ప్రసారాలను అందుకోవడం పౌరుడి హక్కని కొత్త చట్టంలో రాయాలి. రెండు, లాభాపేక్ష లేని విద్యా, సాంస్కృతిక, ప్రజా ప్రసార ఛానళ్లకు నామమాత్రపు రుసుముతో వేరే దారి తెరవాలి. తిరస్కరిస్తే కారణం బయటపెట్టాలి. మూడు, ఒక కంపెనీ బాక్సు ఇంకో కంపెనీకీ పనికొచ్చేలా చేయాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020 ఏప్రిల్‌లో చేసిన సిఫారసును దులిపి అమల్లో పెట్టాలి. నాలుగు, నోటిమాట మీద ఛానల్ ఆపే ఆపరేటరు లైసెన్సు రద్దు చేయాలి, ఆపమని చెప్పినవారినీ విచారించాలి. మొదటి మూడూ పార్లమెంటు, కేంద్రం చేయాల్సినవి. వాటిని ఆంధ్రప్రదేశ్ ఎంపీలు పార్టీలకు అతీతంగా సభలో లేవనెత్తాలి. నాలుగోదాన్ని ఫైబర్‌నెట్‌తో మొదలుపెట్టడానికి రాష్ట్ర ప్రభుత్వం ఎవరి అనుమతి కోసమూ ఆగనక్కర్లేదు. వెలగపూడి సచివాలయంలో ఒక్క జీవో చాలు.