కాలవ ఎంత తవ్వినారని కాదు, చెరువు మొరవ పోయిందా అని అడగాల

కుప్పం, పలమనేరు, మదనపల్లి నుంచి బెంగళూరుకు పోయి సాఫ్ట్‌వేర్ పని చేస్తా ఉండే పిల్లోళ్లు పండక్కి ఊరికొస్తే చాలు, ఫోన్లో స్ప్రింట్, స్టాండప్ అనే మాటలే. ఇంట్లో పెద్దోళ్లకు అదేదో ఆఫీసు గోల. నన్నడిగితే ఆ మాటల వెనక ఉండే సంగతి కంప్యూటర్ల కన్నా మన హంద్రీ-నీవా కాలవకే ఎక్కువ కావాల.

సంగతి చిన్నదే. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని ఉటా రాష్ట్రంలో 17 మంది ప్రోగ్రామర్లు కూడి, ఒక పేజీ ప్రకటన రాసినారు. దానికి అజైల్ అని పేరు పెట్టినారు. అప్పటిదాకా పెద్ద పని అంటే మొత్తం ప్లాను ముందే గీసి, ఏండ్ల తరబడి కట్టి, చివర్లో జనం చేతికిచ్చేది. అప్పటికి జనానికి కావాల్సింది మారిపోయి ఉంటాది. వీళ్లేమన్నారంటే, పనిని చిన్న ముక్కలు చేయండి, ప్రతి ముక్కా వాడుకునేటట్టు ఇయ్యండి, వాడినోళ్ల మాట విని తర్వాతి ముక్కను దిద్దుకోండి అని. ఎన్ని కాగితాలు రాసినారనేది కాదు, పనిచేసేది ఎంత ఇచ్చినారనేదే లెక్క.

ఇది మనకు కొత్తా? మన చెరువుల కింద నీరుగట్టి చేసింది ఇదే కదా. పొద్దున్నే లేచి తూము చూసి, ఏ కయ్య తడిసింది, ఏది ఎండింది అని తిరిగి మడవ మార్చేవాడు. ఏడాది మొత్తానికి ఒకే లెక్క రాసి ఇంట్లో పడుకుంటే కడగెనిమ కయ్యకు చుక్క చేరదు.

ఇప్పుడు హంద్రీ-నీవా చూడండి. శ్రీశైలం వెనక జలాల నుంచి 40 టీఎంసీలు ఎత్తి, పాత నాలుగు సీమ జిల్లాల్లో 6.02 లక్షల ఎకరాలకు ఇయ్యాలనేది ప్లాను. 2012 నవంబరులో నీళ్లు అనంతపురం జిల్లా జీడిపల్లికి చేరినాయి. కుప్పానికి రావడానికి ఇంకా పదేళ్లు దాటింది. 2024 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి రామకుప్పం మండలంలో నీళ్లు వదిలినారు. 2025 ఆగస్టు 30న ఇంకో ముఖ్యమంత్రి కుప్పం పక్కన పరమసముద్రంలో జలహారతి పట్టినారు. ఎవరు తెచ్చినారని రెండు పార్టీలోళ్లు కొట్లాడుకుంటా ఉండారు. ఆ కొట్లాట వాళ్లకే వదిలేస్తా. నా ప్రశ్న వేరే.

కాలవ యాప్ కాదు, నిజమే. సగం కట్టిన అక్విడక్టు మీద నీళ్లు పారవు, ఎత్తిపోతల పంపును ప్రతి రెండు వారాలకూ మార్చలేం. అట్లాంటి చోట ముందే గట్టి ప్లాను ఉండాల్సిందే. కానీ కాలవ పక్కన ఉండే చెరువులు అట్లా కాదు. ఒక్కో చెరువూ దానికదే ఒక ముక్క. చెరువు నిండితే ఆ ఊరి బోర్లు ఆ ఏడే లేస్తాయి, ఆవులకు నీళ్లొస్తాయి. 123 కిలోమీటర్ల కుప్పం బ్రాంచి కాలవ కింద 110 చెరువులు నింపుతామని సర్కారే చెప్పింది. అయితే లెక్క కిలోమీటర్లలో చెప్తే ఎట్లా? ఎన్ని చెరువులు నిండినాయి, ఎన్నిటికి పిల్లకాలవ లేదు, ఎన్ని మొరవ పోయినాయి, ఈ లెక్క కదా పంచాయతీ గోడ మీద ఉండాల్సింది. శిలాఫలకం ఒక దినం పని. చెరువు ప్రతి ఏడూ నిండాల.

ఇంకో ముఖ్యమైన సంగతి కాంక్రీటు లైనింగు. కాలవకు సిమెంటు వేస్తే నీళ్లు ఇంకకుండా చివరిదాకా పోతాయి అంటారు ఇంజినీర్లు. ఆ మాట తప్పు కాదు, కుప్పం చిట్టచివర ఉండాది. కానీ ఇంకే నీళ్ల మీదనే మా బోర్లు బతుకుతా ఉండాయని కాలవ గట్టు రైతులు ధర్నాలు చేసినారు. అదీ తప్పు కాదు. వాడుకునేవాడు ఒక్కడే అనుకుంటే ఇట్లాంటి తగాదా అర్థం కాదు. ఒక పది కిలోమీటర్లకు వేసి, రెండు పక్కలా బోర్లలో నీటిమట్టం ముందూ వెనకా కొలిచి, ఆ లెక్క రైతుల ముందర పెట్టి తర్వాతి పది కిలోమీటర్లకు పోయి ఉంటే, ధర్నా కన్నా మాట ముందు జరిగేది. ఇప్పుడైనా కొలవడానికి ఆలస్యం కాలేదు. బోర్లు దిగినాయని తేలిన చోట పక్క చెరువుకు తూము పెట్టి నింపితే నష్టం పూడుతుంది.

వినే వ్యవస్థ లేదా అంటే, కాగితం మీద ఉండాది. 1997 చట్టం కింద సాగునీటి సంఘాలు ఏర్పడినాయి. వాటికి 2024 డిసెంబరులో ఎన్నికలు కూడా జరిగినాయి. ఆ సంఘం మీటింగు నీళ్లొచ్చే నెలల్లో పదహైదు దినాలకు ఒకసారి చెరువు కట్ట మీదనే జరగాల. పోయిన పదహైదు దినాల్లో ఏ చెరువుకు నీళ్లొచ్చినాయి, యాడ ఆగినాయి, ఎవరు సరిచేస్తారు, ఈ మూడే మాటలు. ఏఈ కూడా నిలబడే వినాల. బెంగళూరులో మన పిల్లోళ్లు పొద్దున్నే పదహైదు నిమిషాల్లో చేసేది ఇదే.

జాగ్రత్త ఒకటుండాది. అజైల్ అంటే మనసుకొచ్చినప్పుడల్లా ప్లాను మార్చడం కాదు. గవర్నమెంటు మారినప్పుడల్లా టెండరు మారేదాన్ని అజైల్ అనరు. మార్పు వాడేవాడి అనుభవం నుంచి రావాల, పైన కూర్చున్నోడి కండువా రంగు నుంచి కాదు.

ఊర్లో ఉండే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ చేతిలో ఫోనుండాది. మీ చెరువు పేరు ఆ 110లో ఉందో లేదో సమాచార హక్కు కింద అడగండి. నెలకొకసారి ఒకే చోట నిలబడి చెరువు ఫోటో తీసి తేదీ రాసి పెట్టండి. ఏడాది తిరిగేసరికి ఏ నాయకుడి ఉపన్యాసం కన్నా గట్టి లెక్క మీ దగ్గరే ఉంటాది.