చిరుద్యోగి ఎదుగుదల ఊరి బాధ్యత కాదా?

మదనపల్లె సబ్‌కలెక్టరు కార్యాలయం కావచ్చు, పుంగనూరు పురపాలక సంఘం కావచ్చు, కుప్పం ఏరియా ఆసుపత్రి కావచ్చు. లోపలికి అడుగుపెట్టిన మనిషికి ముందుగా దారి చూపేది అధికారి కాదు, గుమ్మం దగ్గర నిలబడ్డ అటెండరు. ఏ ఫైలు ఏ బీరువాలో ఉందో, ఏ కాగితం జతచేయకపోతే అర్జీ వెనక్కి వస్తుందో ఆయనకు తెలుసు. అధికారులు బదిలీ మీద వస్తుంటారు, పోతుంటారు. కార్యాలయపు జ్ఞాపకమంతా ఆయన దగ్గరే మిగులుతుంది. ఇరవై ఏళ్ల తర్వాత వెళ్లినా ఆయన ఆ గుమ్మం దగ్గరే కనిపిస్తే, పాపం ఆయన రాత అంతే అనుకుని మన పని చూసుకుని వచ్చేస్తాం. రాత మీదికి నెట్టేస్తే మన మీద ఏ బాధ్యతా ఉండదు కదా!

ఈ వరుసలో ఆయన ఒక్కడే లేడు. 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ పథకం కింద పసిపిల్లలకు అన్నం పెట్టి అక్షరాలు దిద్దించే అంగన్‌వాడీ టీచరమ్మ ఉంది. ఆమె చేసేది సర్కారు పని, అందుకునేది మాత్రం జీతం కాదు, గౌరవ వేతనం. మన రాష్ట్రంలో 2019లో దాన్ని 11,500 రూపాయలు చేశారు. ఆమెకు సాయంగా ఉండే ఆయాకు 7,000. 2023 డిసెంబరులో రోడ్డెక్కి 42 రోజులు సమ్మె చేసింది వీళ్లే. ప్రభుత్వం ఎస్మా చట్టం ప్రయోగించినా వెనక్కి తగ్గలేదు. పది వేల పైచిలుకుతో ఊరి రెవెన్యూ పనులన్నీ మోసే గ్రామ సహాయకుడున్నాడు. గడప గడపకూ తిరిగే ఆశా కార్యకర్త ఉంది. తెల్లవారకముందే వీధులు ఊడ్చే పొరుగుసేవల కార్మికుడున్నాడు. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాల్లో 15,000 రూపాయలతో చేరిన లక్షకు పైగా యువతీ యువకులున్నారు. వాళ్లలో ఇంజినీరింగు పట్టాలున్నవాళ్లు ఎందరో. వాళ్లు చేరిన కొన్ని కొలువులకైతే పై మెట్టు ఏమిటో కూడా చాలాకాలం తేలలేదు.

వీళ్ల జీతాల గురించి అప్పుడప్పుడైనా మాట్లాడుకుంటాం. వీళ్ల ఎదుగుదల గురించి మాత్రం మాట్లాడం. పసిపిల్లలను చూసుకునే ఆయా రేపు శిక్షణ పొందిన ఉపాధ్యాయిని కావచ్చని, ఆశా కార్యకర్త నర్సు కావచ్చని, అటెండరు డిప్యూటీ తహసీల్దారు కావచ్చని మన ఊహకే తట్టదు.

నిజానికి కాగితం మీద దారులు లేకపోలేదు. చదువు అర్హత ఉన్న అటెండరుకు జూనియర్ అసిస్టెంటుగా పదోన్నతి ఇచ్చే నిబంధన ఉంది. ఆపైన ఎదగాలనుకునేవాళ్ల కోసం ఏపీపీఎస్సీ శాఖాపరమైన పరీక్షలు పెడుతుంది. అంగన్‌వాడీ టీచర్ల ఖాళీల్లో సగం ఐదేళ్ల అనుభవమున్న ఆయాలతో, సూపర్‌వైజరు ఖాళీల్లో సగం ఐదేళ్ల అనుభవమున్న టీచర్లతో నింపాలని కేంద్రం 2022లో విడుదల చేసిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇంటర్ చదివిన అంగన్‌వాడీ టీచర్లకు పూర్వ ప్రాథమిక విద్యలో ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకు తక్కువ చదివినవాళ్లకు ఏడాది డిప్లొమా ఇవ్వాలని 2020 జాతీయ విద్యావిధానం రాసుకుంది. గిరిజన ఉద్యోగులు పూర్తి జీతంతో పైచదువులకు వెళ్లే వీలు కల్పిస్తూ 1977లోనే 342 నంబరు ఉత్తర్వు వచ్చింది.

ఇవన్నీ ఉండీ ఎదిగినవాళ్లు ఎందుకింత తక్కువ? కాగితం దారి చూపుతుంది గానీ నడవడానికి సమయం ఇవ్వదు. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి తాళం తీసి, రాత్రి అందరూ వెళ్లాక తాళం వేసే మనిషి ఏ వేళ పుస్తకం పట్టుకోవాలి? కార్యాలయం పని ముగిశాక దొరవారింటికి కూరగాయలు చేర్చే మనిషికి అకౌంట్స్ టెస్టు మీద మనసెలా నిలుస్తుంది? పరీక్ష ముందు పది రోజులు సెలవడిగితే, నువ్వు పాసై ఏం చేస్తావురా అనే మాట నవ్వుతూనే పడుతుంది. ఆ నవ్వు తెచ్చే నష్టం ఏ లెక్కల్లోనూ కనబడదు. అంగన్‌వాడీ టీచరమ్మకు ఇంకో బరువు. కేంద్రంలో రిజిస్టర్లు, ఫోనులో యాప్‌లు, ఇంటికొస్తే వంట, పిల్లలు, ముసలివాళ్లు. ఈ వయసులో నీకు చదువెందుకని అడిగే భర్త కూడా ఆ కాగితం మీది దారికి అడ్డమే.

ఇన్ని అడ్డంకులు దాటినవాళ్లను మనం నెత్తిన పెట్టుకుంటాం. ప్రకాశం జిల్లాలో నాయనమ్మ పెంపకంలో ఎదిగిన ఒక యువకుడు 2013లో కానిస్టేబులయ్యాడు. పై అధికారి చేసిన అవమానం భరించలేక 2018లో ఉద్యోగం వదిలేశానని ఆయనే చెప్పుకున్నాడు. తర్వాత పట్టుబట్టి చదివి 2023 సివిల్స్‌లో 780వ ర్యాంకు తెచ్చుకున్నాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో రాత్రి కాపలా కాసిన ఒకాయన అక్కడే చదువుకుంటూ 2024లో ఏకంగా మూడు బోధనోద్యోగాలకు ఎంపికయ్యాడు. పత్రికలు రాశాయి, టీవీలు చూపించాయి, మనమంతా వాట్సాప్‌లో పంచుకున్నాం. గర్వపడాల్సిన విషయాలే. కానీ ఒక్క ప్రశ్న వేసుకుందాం. ఆ కానిస్టేబులుకు ఉద్యోగంలో ఉంటూనే గౌరవంగా ఎదిగే దారి ఎందుకు లేకపోయింది? గోడ దూకినవాడికి చప్పట్లు కొట్టడం తేలిక. ఆ గోడకు తలుపు పెట్టడం మన పని. ఆ పని చేయకుండా చప్పట్లతో సరిపెడితే, దూకలేక గోడ అవతల మిగిలిపోయిన వేలమందిని వాళ్ల చేతగానితనానికి వదిలేసినట్టే.

తలుపులు పెట్టడం మన దేశానికి తెలియని విద్యేం కాదు. సైన్యాన్ని చూడండి. సిపాయిగా చేరినవాడు అర్హత పరీక్ష గట్టెక్కితే డెహ్రాడూన్‌లోని ఆర్మీ కేడెట్ కాలేజీలో మూడేళ్లు చదివి, పట్టా పుచ్చుకుని, ఆపై మిలిటరీ అకాడమీ శిక్షణతో అధికారి హోదాలో బయటికొస్తాడు. చదువుకోవడానికి అతను సైన్యాన్ని వదిలిపోనక్కర్లేదు. కుప్పం స్టేషను మీదుగా రోజూ రైళ్లు నడిపే రైల్వే, పట్టాలు చూసే ఉద్యోగులకు కూడా సాధారణ శాఖాపరమైన పోటీ పరీక్ష పెట్టి పై కొలువుల్లోకి తీసుకుంటుంది. మన తెలుగునేల అయితే ఈ విషయంలో దేశానికే దారి చూపింది. బడి మానేసినవాళ్లు, పనిచేసుకుంటూ చదవాలనుకునేవాళ్లు డిగ్రీ అందుకోవాలని 1982లో హైదరాబాదులో దేశంలోనే మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. ఆచార్య జి. రామిరెడ్డి దానికి తొలి ఉపకులపతి. తర్వాత 1985లో జాతీయ స్థాయిలో ఇగ్నో వచ్చింది. దానికీ తొలి ఉపకులపతి ఆయనే. ఇంటర్ పాసవకపోయినా ప్రవేశ పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చని 40 ఏళ్ల కిందటే మనవాళ్లు ధైర్యంగా నిర్ణయించారు. ఆ ధైర్యంలో సగమైనా ఇవాళ మన కార్యాలయాల్లో ఉందా?

ఒక మాట వినిపిస్తుంది: అందరూ ఆఫీసర్లయితే ఊడ్చేదెవరు, ఫైళ్లు మోసేదెవరు? మన పిల్లలు డాక్టర్లు కావాలనుకున్నప్పుడు ఈ ప్రశ్న మనకు గుర్తురాదు. ఎదుటివాడి పిల్లల విషయంలోనే, ఎదుటివాడి విషయంలోనే గుర్తొస్తుంది. ఊడ్చే పని ఎప్పుడూ ఉంటుంది. దానికి తగిన జీతం, గౌరవం, యంత్రాలు ఇవ్వాలి. చదువుకోవాలనే కోరిక లేనివాళ్లకూ, వయసు మీరినవాళ్లకూ బతకడానికి సరిపడే జీతం అందాలి. అందుకని ఎదుగుదల గురించి మాట్లాడి జీతం సంగతి దాటవేయడం కుదరదు. కానీ ఒక మనిషి ఒక పనిలో చేరాడు కాబట్టి చచ్చేదాకా అందులోనే ఉండాలనడం వేరే సంగతి. తండ్రి పని కొడుక్కి, కొడుకు పని మనవడికి అనే పాత లెక్కను రాజ్యాంగం కొట్టేసింది. మనం దాన్ని ఉద్యోగాల రూపంలో మళ్లీ రాసుకుంటున్నాం. ఈ కిందిస్థాయి కొలువుల్లో ఎక్కువమంది ఏ వాడల నుంచి వచ్చారో చూస్తే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది.

ఇంతకీ ఎవరు ఏం చేయాలి? ఈ మూడు ఊళ్లలో వనరులకు కొరత లేదు. మదనపల్లెలో అనీబిసెంట్ 1915లో పెట్టిన బీటీ కళాశాల ఉంది. రవీంద్రనాథ్ టాగోర్ 1919లో వచ్చి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చుకున్నది అక్కడే. మన జాతీయగీతంతో ముడిపడిన ఆ తరగతి గదుల్లో ఆదివారం పూట చిరుద్యోగులకు శాఖాపరమైన పరీక్షల పాఠాలు జరిగితే దానికంటే మంచి ఉపయోగం ఏముంటుంది? కుప్పంలో 1997లో వెలసిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. తెలుగు, తమిళం, కన్నడం కలిసి వినిపించే ఆ ఊళ్లో భాష రాక వెనకబడ్డ చిన్న ఉద్యోగులకు నోట్‌ఫైలు రాయడం, ఉత్తర్వు చదవడం నేర్పడం ఆచార్యులకు పెద్ద భారం కాదు. అక్కడి వైద్య కళాశాల తలచుకుంటే ఆశా కార్యకర్తలకు నర్సింగు ప్రవేశానికి మార్గదర్శనం చేయగలదు. పుంగనూరుకు వస్తే, మనం కట్టే ఆస్తిపన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సుంకం చెల్లిస్తున్నాం. ఆ డబ్బుతో నడిచే శాఖా గ్రంథాలయంలో శాఖాపరమైన పరీక్షల పుస్తకాలు ఒక బీరువా నిండా ఉండాలని అడిగే హక్కు మనది. సాయంత్రం రెండు గంటలు అదనంగా తెరిచి ఉంచమని అడిగేది కూడా మనమే.

పదవీ విరమణ చేసిన తహసీల్దార్లు, ట్రెజరీ అధికారులు, ప్రధానోపాధ్యాయులు ఈ మూడు ఊళ్లలోనూ ఉన్నారు. ఫండమెంటల్ రూల్స్ వాళ్లకు కంఠతా వచ్చు. ఆ విద్యను పింఛనుతో పాటు ఇంట్లో దాచుకోకండి. వారానికి ఒక పూట, ఒక్క టెస్టు పాఠం చాలు. ఉద్యోగ సంఘాల నాయకులు కరువు భత్యం కోసం పోరాడినంత గట్టిగా పరీక్ష సెలవు కోసం, పదోన్నతి కోటా ఏటా నింపడం కోసం పోరాడాలి. సంఘంలో సభ్యత్వం లేని పొరుగుసేవల కార్మికుణ్ణి కూడా తమవాడిగా చూడాలి. టమాటా వ్యాపారంతో, పట్టు వ్యాపారంతో నాలుగు డబ్బులు చూసిన పెద్దలు పరీక్ష ఫీజు, పుస్తకాల ఖర్చు భరిస్తే వాళ్ల సంపాదనకు అంతకంటే పుణ్యం వేరే లేదు.

అధికారులకు ప్రత్యేకంగా ఒక మాట. మీ దగ్గర పనిచేసే అటెండరు, ఆయా, సహాయకుడు ఏం చదివారో, ఏం చదవాలనుకుంటున్నారో మీకు తెలుసా? తెలియకపోతే రేపే అడగండి. పరీక్ష రాస్తానన్న మనిషికి ఒక నెల పాటు సాయంత్రం పని తగ్గించండి. ఇంటి పనులకు పిలవడం పూర్తిగా మానేయండి. పదోన్నతి ఫైలు మీ బల్ల మీద ఆగకుండా చూడండి. మీరు బదిలీ అయిపోయేనాటికి మీ కార్యాలయంలో ఒక్కరైనా ఒక మెట్టు పైకి ఎక్కి ఉండాలి. మీ పాలనకు దానికి మించిన యోగ్యతాపత్రం ఎవరూ ఇవ్వలేరు.

మనం కూడా మన వంతు చేద్దాం. వచ్చే ఉగాదికి ఊళ్లో సన్మానాల జాబితా వేసేటప్పుడు శాఖాపరమైన పరీక్ష పాసైన గ్రామ సహాయకుడి పేరు, సూపర్‌వైజరైన అంగన్‌వాడీ టీచరమ్మ పేరు అందులో రాద్దాం. ఏటా ఎందరు ఎదిగారో కౌన్సిల్ సమావేశంలో, పంచాయతీ సభలో లెక్క అడుగుదాం. పన్ను మనది, కార్యాలయం మనది, అందులో పనిచేసే మనిషి మనవాడు. ఆయన ఎదగకపోతే ఆ లెక్క మన పేరు మీదే ఉంటుంది.