నడివయస్సు విద్యార్థులు

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలలో నేడు ఇరువది రెండేండ్ల పట్టభద్రుల సరసన బిడ్డల తల్లులును, ప్రైవేటు కొలువులలో పదేండ్లు గడపినవారును కూర్చుండుట అరుదు గాదు. ప్రభుత్వములును వీరికి తలుపు తెరచియే యున్నవి. సాధారణాభ్యర్థుల గరిష్ఠ వయస్సు 2024 తెలంగాణ డి.ఎస్.సి.లో 46 ఏండ్లు. 2025 ఆంధ్రప్రదేశ్ డి.ఎస్.సి.లో 44. తలుపు తెరచితిమి గాని, లోపలి యేర్పాటు వీరికి తగినట్లున్నదా యని విచారింపలేదు.

జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలు బి.ఎడ్. శిక్షణను రెండేండ్లకు పెంచి, 20 వారములు పాఠశాలలో గడపవలెనని విధించినవి. ఉద్దేశము మంచిదే; ఒడ్డున కూర్చుండి ఈత నేర్వలేము. కాని కుటుంబమును పోషించు ఛాత్రోపాధ్యాయునకు ఆ 20 వారములు సంపాదన లేని దినములు. హాజరు లేని చదువులకు, కొని తెచ్చిన రికార్డులకు ఇదియు నొక కారణము. తప్పు తప్పే, దాని మూలమును గూడ చూడవలెను.

ఇంతకంటె లోతైన చిక్కు తరగతి గదిలో నున్నది. ఒక ఉన్నత పాఠశాలలో నలుబదేండ్ల గృహిణి సవర్ణదీర్ఘసంధి బోధించుచుండగా చూచితిని. సూత్రము నల్లబల్లపై వ్రాసినది, పిల్లలు మిన్నకుండిరి. ఆమె పాఠ్యపథకమును ప్రక్కన నుంచి, "మీరెవరర్రా?" అని యడిగెను. "విద్యార్థులం" అనిరి. "ఆ మాటను విడదీయండి, చూద్దాం." విద్యా, అర్థి యని రెండు ముక్కలైనంతనే సంధి బోధపడినది. పిమ్మట దేవాలయము, గ్రంథాలయము పిల్లలే తెచ్చిరి. పరిశీలకుడు మాత్రము పథకము తప్పినదని మార్కులు తగ్గించెను!

బిడ్డల మొగము చూచి మనస్సు నెరుగు ఆమె నేర్పునకు మన పరిశీలన పత్రములో గడి లేదు. అట్లని వయస్సే అర్హత యని నా వాదము గాదు. తాము చిన్ననాడు విన్న బెత్తపు పాఠమునే మరల చెప్పువారును వీరిలో గలరు. వారు మరువవలసినదియు నున్నది.

కావున వీరికి వలసినది మినహాయింపు గాదు. పాఠము ముగిసిన వెంటనే కూర్చుండి మంచిచెడ్డలు చెప్పు అనుభవజ్ఞుడైన ఉపాధ్యాయుడు, ఆ 20 వారములకు కొంత భృతి, పని చేసికొనువారికి విడతలుగా పూర్తిచేయు వీలు కావలెను.

విద్యార్థి యనగా విద్యను కోరి వచ్చినవాడు. వారిపై జాలిపడి సడలించి పంపుట ఆదరణ గాదు. వారు తెచ్చినదానిని గుర్తించి, లేనిదానిని నేర్పుటయే నిజమైన ఆదరణ.