పరుగెత్తి పొగ తాగుదామా?

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలని మన ఇళ్లలో పెద్దవాళ్లు అంటుంటారు. పరుగంటే ఇష్టమున్న పిల్లలకు ఈ సామెత నచ్చదు. మాకూ నచ్చేది కాదు. కానీ ఢిల్లీలో ఒక చలికాలం గడిపాక దాన్ని కాస్త మార్చి చెప్పుకోవాల్సి వస్తోంది. నవంబరు తెల్లవారుజామున ఇక్కడ పరుగెత్తితే తాగేది పాలు కాదు, పొగ.

నవంబరు మొదటి వారంలో విశాఖపట్నం నుంచి ఒక అమ్మాయి బదిలీ మీద వచ్చి ఎనిమిదో తరగతిలో చేరింది. వాళ్ల నాన్నగారు నేవీలో పనిచేస్తారు. అక్కడ రోజూ పొద్దున్నే నాన్నతో కలిసి బీచ్ రోడ్డు మీద పరుగెత్తేదట. ఇక్కడికి వచ్చాక కూడా ఆ అలవాటు మానలేదు. ఐదింటికే లేవడం, స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని క్వార్టర్స్ చుట్టూ నాలుగు రౌండ్లు కొట్టడం. నాలుగో రోజుకల్లా దగ్గు పట్టుకుంది. ఆ వారం చివర్లో తెలుగు క్లాసులో పాఠం చదవమంటే రెండు వాక్యాలకే ఆగిపోయింది. "చలి ఇంకా అలవాటు కాలేదు మేడం. రేపటి నుంచి ఇంకో అరగంట ముందే లేచి ఇంకా ఎక్కువ పరుగెత్తుతాను, అదే సర్దుకుంటుంది" అంది. క్లాసులో ఎవరూ నవ్వలేదు. ఏదో ఒక ఊళ్లో అందరూ అలా అనుకున్నవాళ్లే.

స్కూలు అయ్యాక గ్రౌండులో పరుగెత్తే చిన్న గుంపు ఒకటి మాది. పది పన్నెండు మంది పిల్లలు, ఇద్దరు ముగ్గురు టీచర్లు. ఆ రోజు నుంచి మేము ఈ విషయం మీద వాదించుకుంటూనే ఉన్నాం. ఆ వాదనలో తేలిందే ఇక్కడ రాస్తున్నాం.

ముందు చలి మీద పడ్డ నింద తీసేయాలి. చలి పరుగుకు శత్రువు కాదు. పరుగెత్తేటప్పుడు ఒంట్లో పుట్టే వేడి బయటికి పోవాలి. మన ఆంధ్ర, తెలంగాణ ఎండల్లో అది అంత తేలిగ్గా పోదు, అందుకే అక్కడ త్వరగా అలసిపోతాం. దూరం పరుగెత్తేవాళ్లకు పది డిగ్రీలకు అటూ ఇటూ ఉండే వాతావరణం ఎంతో అనుకూలం. కాకపోతే చలిలో కండరాలు బిగుసుకుని ఉంటాయి కాబట్టి వార్మప్ రెట్టింపు సేపు చేయాలి. దాహం వేయకపోయినా నీళ్లు తాగాలి. మొదటి ఐదు నిమిషాలు కాస్త చలి వేసేలాగే బట్టలు వేసుకోవాలి. రెండు స్వెట్టర్లలో పరుగెత్తితే చెమటతో తడిసి, ఆగగానే వణుకు పుడుతుంది. ఇంతకు మించి చలితో తంటా లేదు. లడఖ్‌లో, హిమాచల్‌లో ఉండి వచ్చిన పిల్లలు మన క్లాసుల్లోనే ఉన్నారు, ఢిల్లీ చలి గురించి అడిగి చూడండి. వాళ్లు నవ్వుతారు.

శత్రువు గాలి. అది కూడా ఎప్పటి గాలి అన్నది ముఖ్యం. చలికాలం రాత్రుల్లో నేల త్వరగా చల్లబడుతుంది. నేలకు ఆనుకుని ఉన్న గాలి చల్లగా, బరువుగా కిందే ఉండిపోతుంది. దాని పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. కుండ మీద మూత పెట్టినట్టే. వాహనాల పొగ, చలిమంటల పొగ, చెత్త తగలబెట్టిన పొగ, అక్టోబరు నవంబరుల్లో వరి కొయ్యకాళ్లు కాల్చిన పొగ, అన్నీ ఆ మూత కిందే ఉండిపోతాయి. గాలి కూడా సరిగా వీచదు. పొద్దెక్కి నేల వేడెక్కితే గాని ఆ మూత లేవదు. అందుకే ఇక్కడ చలికాలంలో తెల్లవారుజాము మంచి వేళ కాదు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య మామూలుగా గాలి కాస్త నయంగా ఉంటుంది. సూర్యుడు దిగాక మళ్లీ మూత పడుతుంది.

"తెల్లారగట్ల లేచి పరుగెత్తేవాడే అసలైన రన్నర్" అన్న మాటను ఇక్కడ పక్కన పెట్టాలని మేము అనేది అందుకే. ఆ మాట విశాఖలో నిజం, రామగుండం ఎండాకాలంలో నిజం. ధనుర్మాసంలో మన ఊళ్లలో తెల్లవారుజామునే లేచి ముగ్గులు పెట్టే అమ్మమ్మలకు అది మంచి వేళే. ఢిల్లీ డిసెంబరుకు మాత్రం కాదు. తేజ్‌పూర్‌లో పొద్దు త్వరగా గుంకుతుంది, జోధ్‌పూర్‌లో పగలు ఎండ మండుతుంది. ఏ ఊరికి ఆ ఊరి వేళ ఉంటుంది. బదిలీ అయినప్పుడు స్కూలు బస్సు టైము కనుక్కుంటాం కదా, అలాగే ఆ ఊళ్లో పరుగెత్తే వేళ కూడా కనుక్కోవాలి. మన స్కూలు మధ్యాహ్నమే విడుస్తారు. ఆ విధంగా మనం అదృష్టవంతులం. మంచి వేళ మన చేతిలోనే ఉంది.

మూత లేచినా ఒక్కోరోజు గాలి బాగుండదు. అది ముక్కుతో తెలిసేది కాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి 'సమీర్' యాప్‌లో దగ్గరి స్టేషన్ సూచీ చూడాలి. 100 లోపు ఉంటే హాయి. 101 నుంచి 200 వరకు ఉబ్బసం లాంటివి ఉన్నవాళ్లకు ఇబ్బంది. 201 నుంచి 300 'చెడ్డ' గాలి, 301 నుంచి 400 'చాలా చెడ్డ' గాలి, 400 దాటితే 'తీవ్రం'. ఈ గాలిలో తేలే పీఎం 2.5 అనే కణాలు మన వెంట్రుక మందంలో ముప్ఫయ్యో వంతు కూడా ఉండవు. ముక్కులో ఆగకుండా ఊపిరితిత్తుల లోపలి దాకా పోతాయి. ఊరికే కూర్చున్న పెద్దమనిషి నిమిషానికి ఏడెనిమిది లీటర్ల గాలి పీల్చుకుంటే, గట్టిగా పరుగెత్తేటప్పుడు అది 60 లీటర్లు దాటుతుంది, అందులో చాలావరకు నోటితోనే. అంటే అదే గాలిలో నిలబడినవాడి కంటే పరుగెత్తేవాడు ఎన్నో రెట్లు ఎక్కువ మురికి లోపలికి తీసుకుంటాడు. గుడ్డ మాస్కు ఈ కణాలను ఆపలేదు. ఎన్95 ఆపుతుంది కానీ దాంతో వేగంగా పరుగెత్తడం అయ్యే పని కాదు.

మేము పెట్టుకున్న నియమం ఇది. సూచీ 200 లోపు ఉంటే పరుగు. 200 నుంచి 300 ఉంటే నడక, లేదా మాట్లాడుకుంటూ పోగలిగినంత నెమ్మది పరుగు, అదీ ఇరవై నిమిషాలు మించకుండా. 300 దాటితే గ్రౌండుకు సెలవు. ఇది డాక్టర్లు రాసిచ్చిన లెక్క కాదు, మేము కూర్చుని ఒప్పుకున్నది. ఉబ్బసం ఉన్న పిల్లలు తమ డాక్టరు మాటే వినాలి. నిజం చెప్పాలంటే డిసెంబరులో 200 లోపు వచ్చే రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఇలా వెనక్కి తగ్గడం పిరికితనం అనేవాళ్లు మా గుంపులోనూ ఉన్నారు. వాళ్లకు మేము 2017 సంగతి చెబుతాం. ఆ ఏడు నవంబరు 19న ఢిల్లీ హాఫ్ మారథాన్ జరిగింది. గాలి బాగాలేదు, వాయిదా వేయండని భారతీయ వైద్య సంఘం ముందే కోరింది. విషయం హైకోర్టు దాకా పోయింది. పరుగు మాత్రం ఆగలేదు, వేలమంది పరుగెత్తారు. సరిగ్గా రెండు వారాల తర్వాత, డిసెంబరు 3న, ఫిరోజ్ షా కోట్లాలో శ్రీలంక క్రికెటర్లు మాస్కులు కట్టుకుని టెస్ట్ మ్యాచ్ ఆడారు. ఆట కాసేపు ఆగిపోయింది. అప్పుడు చాలామంది వాళ్లను ఎగతాళి చేశారు. కానీ మరుసటి ఏడాది హాఫ్ మారథాన్‌ను అక్టోబరు 21కి మార్చారు. 2022 నుంచి కూడా అది అక్టోబరులోనే జరుగుతోంది. ప్రపంచస్థాయి రన్నర్లు వచ్చే పోటీకే ఈ ఊరి గాలి చూసి తేదీ మార్చుకోవాల్సి వచ్చింది. పదమూడేళ్ల పిల్ల తన వేళ మార్చుకుంటే తప్పేముంది?

ఇక స్కూళ్ల సంగతి. 2025 నవంబరులో సుప్రీంకోర్టు సూచన మీద, వాయు నాణ్యత నిర్వహణ కమిషన్ ఎన్‌సీఆర్ స్కూళ్లలో నవంబరు, డిసెంబరు నెలల ఆటల పోటీలు వాయిదా వేయించమని ప్రభుత్వాలకు చెప్పింది. సరైన మాటే. కానీ వాయిదా అన్న మాటలో మనలాంటి వాళ్లకు ఒక చిక్కుంది. ఎప్పటికి వాయిదా? జనవరిలో పొగమంచు. ఫిబ్రవరిలో గాలి మెరుగయ్యే సరికి బోర్డు పరీక్షలు, మార్చిలో మిగతా తరగతుల పరీక్షలు. ఏప్రిల్‌లో కొత్త తరగతులు, మన ఇళ్లలో బదిలీ ఆర్డర్లు. ఒక ఊళ్లో పుట్టి పెరిగే పిల్లలకు ఒక సీజన్ పోతే ఇంకోటి వస్తుంది. మనకు ఒక్కో ఊళ్లో దొరికేవి రెండో మూడో సీజన్లు. అందులో ఒకటి వాయిదాలో కొట్టుకుపోతే మిగిలేది ఎంత?

అందుకే పోటీలను వెనక్కి కాదు, ముందుకు జరపాలి. వానలు తగ్గుముఖం పట్టాక, సెప్టెంబరు చివర నుంచి దసరా లోపు స్పోర్ట్స్ డే పెట్టాలి. అప్పుడు ఉక్కపోత ఉంటుంది, నిజమే. అర్ధసంవత్సర పరీక్షలు అడ్డం వస్తాయి, అదీ నిజమే. పరీక్షల టైమ్‌టేబుల్‌ను వారం అటూ ఇటూ జరపగలం. గాలిని జరపలేం కదా.

మరి పోటీ అయిపోయాక నాలుగు నెలల చలికాలం ఏం చేయాలి? మా గుంపులో అసలు పని ఇక్కడే ఉంది. గ్రౌండుకు సెలవైన రోజున వ్యాయామానికి సెలవు ఉండదు. క్వార్టర్స్ మెట్లున్నాయి. కిందనుంచి నాలుగో అంతస్తు దాకా ఎక్కడం, నెమ్మదిగా దిగడం, అలా ఆరుసార్లు. (మూడో అంతస్తు ఆంటీ మొదట్లో తలుపు తీసి కోప్పడ్డారు. ఇప్పుడు ఎన్నోసారో లెక్క చెబుతున్నారు.) ఇంట్లో తలుపులు వేసుకుని తాడాట, గుంజీలు, గోడకు ఆనుకుని కుర్చీలా కూర్చోవడం, ప్లాంకు. ఇంట్లోకి కూడా బయటి గాలే వస్తుంది కాబట్టి 400 దాటిన రోజున మెట్లు కూడా వద్దు, తేలికపాటి సాగదీతలు చాలు. గుంజీలు మనకు చిన్నప్పటి నుంచీ వచ్చు, వినాయక చవితికి ఎన్ని తీయలేదు! పరుగు ఆగిన ఈ నెలల్లో కాళ్లకు, నడుముకు బలం పట్టించుకుంటే ఫిబ్రవరిలో గ్రౌండులోకి దిగినప్పుడు తేడా తెలుస్తుంది. వారం పది రోజులు పరుగు లేకపోతే దమ్ము పెద్దగా పోదు. మూడు నాలుగు వారాలు ఏమీ చేయకుండా కూర్చుంటేనే పోతుంది.

అన్నిటికంటే కష్టం మనసును నిలబెట్టుకోవడం. 'రోజూ తప్పకుండా' అని మొక్కుకున్నవాళ్లు ఒక రోజు తప్పగానే మొత్తం మానేయడం మా గుంపులోనే చూశాం. అందుకే మేము రోజుల లెక్క తీసేసి వారాల లెక్క పెట్టాం. గోడకు ఒక క్యాలెండరు. వారంలో నాలుగు సార్లు ఏదో ఒక వ్యాయామం చేస్తే ఆ వారం మీద ఆకుపచ్చ గీత. పరుగా, మెట్లా అన్నది లెక్కలోకి రాదు. ఎనిమిది వారాల్లో ఆరింటికి గీతలు పడినవాళ్లే ఎక్కువమంది. అందరికంటే తక్కువ గీతలు టీచర్లవే, పిల్లలు ఆ సంగతి మరచిపోనివ్వడం లేదు.

గాలి చేతిలో ఓడిపోయినవాళ్ల గురించి చెప్పుకునేటప్పుడు మాకు ఇష్టమైన కథ విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీది. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో జరిగిన ఫెడరేషన్ కప్‌లో ఆమె 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.09 సెకన్లలో పూర్తి చేసింది. అప్పటి జాతీయ రికార్డు కంటే అది మెరుగు. కానీ వెనకనుంచి వీచిన గాలి సెకనుకు 2.1 మీటర్లు ఉంది. నిబంధన ప్రకారం 2.0 దాటకూడదు. ఆ 0.1 వల్ల రికార్డు లెక్కలోకి రాలేదు. ఆమె తప్పేమీ లేదు. మరుసటి నెల 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 సెకన్లు పరుగెత్తి, 2002 నుంచి ఉన్న అనురాధా బిశ్వాల్ రికార్డును దాటింది. గమనించండి, లెక్కలోకి వచ్చిన పరుగు లెక్కలోకి రాని పరుగు కంటే నెమ్మదిది! తర్వాత 2023లో బ్యాంకాక్‌లో ఆసియా విజేత అయింది, 2024లో పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లింది. ఈ కథ చెప్పినప్పుడు మా ఎనిమిదో తరగతి అమ్మాయి ఎంతో సేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి "ఆ నెల రోజులూ ఆమె ఏం చేసి ఉంటుంది మేడం?" అని అడిగింది. "ప్రాక్టీస్" అన్నాడు పక్కనున్న ఆరో తరగతి కుర్రాడు, అదేం ప్రశ్న అన్నట్టు.

ఆ అమ్మాయి దగ్గు తగ్గింది. ఇప్పుడు ఐదింటికి లేవడం లేదు, ఆరున్నరకు లేస్తోంది. స్కూలు విడిచాక ముందు సూచీ చూసి, ఆ తర్వాతే బూట్లు కట్టుకుంటుంది. తెలుగు క్లాసులో లేఖారచన పాఠం వచ్చినప్పుడు, స్పోర్ట్స్ డేను సెప్టెంబరుకు జరపమని ప్రిన్సిపల్‌గారికి ఉత్తరం రాయమన్నాం. అందరి ఉత్తరాల్లోంచి నాలుగు మంచి వాక్యాలు తీసి ఒకటిగా చేశాం, హిందీలోకి కూడా రాశాం. కింద ఇరవై మూడు సంతకాలున్నాయి. వాళ్లలో కనీసం ఐదుగురు వచ్చే సెప్టెంబరుకు ఈ ఊళ్లో ఉండరు. ఒకరి ఇంట్లో అప్పుడే సామాన్లు కట్టడం మొదలైంది. జవాబు వచ్చాక వాళ్లకు కూడా తెలియజేయాలి, కొత్త అడ్రసులు తీసుకుంటున్నాం.