పడటంతో మొదలు

వేసవి సెలవులు వచ్చాయంటే మన వీధుల్లో కరాటే, తైక్వాండో శిక్షణ ప్రకటనలు వెలుస్తాయి. పిల్లలను వెంటబెట్టుకొని వెళ్లిన తల్లిదండ్రులు మొదట అడిగే ప్రశ్న ఒకటే: బ్లాక్ బెల్ట్ ఎన్నాళ్లకు వస్తుంది? పెద్దమ్మాయిని జూడోలో చేర్పించిన రోజున మేమూ అదే అడిగాము. శిక్షకురాలు నవ్వి, ముందు పడటం నేర్చుకోనివ్వండి అన్నారు. నడుము వంచి అభివాదం చేసే పద్ధతి మాకు ఇబ్బంది అని చెప్పగా, తల ఊపితే చాలన్నారు.

తొలి నెలలన్నీ నిజంగానే పడటంతో గడిచాయి. గడ్డాన్ని రొమ్ముకు ఆనించుకోవాలి, తల నేలకు తగలకూడదు. ఒళ్లు చాపను తాకే క్షణంలోనే చాచిన చేతితో చాపను గట్టిగా చరచాలి. అదురు ఒకచోట నిలవక చెదిరిపోతుంది. జపానువారు దీనిని ఉకేమీ అంటారు. ఫీజు కట్టి మరీ పిల్లను పడదోయిస్తున్నారా అని ఇంట్లో పెద్దలు ఆటపట్టించారు. అయితే పడటానికి భయపడే మనిషి ఒళ్లు బిగబట్టుకుంటాడు, బిగుసుకున్న ఒంటిని పడవేయడం సులువు. ఆ భయం పోయాకే ఎదుటివారి బలం ఎటు మొగ్గుతున్నదో గమనించే తీరిక దొరుకుతుంది.

జూడోను రూపొందించిన జిగోరో కానో చిన్నతనంలో బక్కపలుచని మనిషి. 1882లో టోక్యోలోని ఒక బౌద్ధాలయంలో, 12 చాపల గదిలో తన శిక్షణాలయాన్ని ప్రారంభించాడు. నల్ల బెల్టు ఆచారం జూడో నుండే కరాటేకు పాకింది. ఆ బెల్టు కట్టే మొదటి హోదా పేరు షోదాన్, అంటే ఆరంభపు మెట్టు. మనం ముగింపని ఆరాటపడేది వారికి అలిఫ్, బే మాత్రమే!

కానో శిష్యురాలు కైకో ఫుకుదా 1935లో జూడోలో చేరింది. ఐదడుగుల ఎత్తైనా లేదు. స్త్రీలకు ఐదో డాన్‌ను మించిన హోదా లేదన్న నియమం వల్ల ఏళ్ల తరబడి అక్కడే నిలిచిపోయింది. పెళ్లి చేసుకుంటే సాధన మానవలసి వస్తుందని పెళ్లే వద్దనుకున్నది. దానిని ఆదర్శమని మేము చెప్పబోము. అలా ఎంచుకోవలసి రావడమే అన్యాయం. అమెరికాలో స్థిరపడి వృద్ధాప్యంలోనూ నేర్పుతూనే ఉన్నది. 2011లో, 98 ఏళ్ల వయసులో, అక్కడి జూడో సంస్థ ఆమెకు పదో డాన్ ఇచ్చింది.

ఇదంతా తెలిసీ పోయినేడు మా అమ్మాయిని మేమే మాన్పించాము. పదో తరగతి పరీక్షలన్నది సాకు. నేర్పేది స్త్రీయే, నేర్చుకునేదీ అమ్మాయిలే. అయినా ఎదిగిన పిల్ల చాప మీద దొర్లడమేమిటన్న బంధువుల మాటకు జంకాము. కొన్నాళ్లకు తమ్ముడు ఆమె సైన్సు రికార్డును చించివేశాడు. మునుపైతే వాడి వీపు మోగేది. ఆ రోజు వాణ్ణి భుజాలు పట్టి పక్కకు జరిపి, వంటింట్లోకి పోయి నీళ్లు తాగి, వచ్చి జిగురు సీసా అడిగింది. కుస్తీనీ కోపాన్నీ ఒకచోట ప్రస్తావించిన హదీసు పాఠకులకు తెలిసినదే. వాణ్ణి ఎత్తి పడవేసే పట్టు ఆమెకు వచ్చునన్న సంగతి మాకప్పుడు గుర్తుకు వచ్చింది.

గత నెల మళ్లీ తీసుకెళ్లాము. ఏడాది విరామం గనుక మళ్లీ పడటం నుండే అన్నారు శిక్షకురాలు. అమ్మాయి ఏమీ అనలేదు. వెళ్లి చిన్నపిల్లల వరుసలో చివర నిలబడింది.